మంగ సర్టిఫికెట్

పెనుగొండ బస్టాండుకి ఎదురుగా ఉన్న మేడ మీద నేను పాఠాలు చెప్పిన ఆఖరి వేసవి అది. కింద ఫ్యాన్సీ షాపు, పక్కనుంచి ఇనుప మెట్లు, మెట్లెక్కితే మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మధ్యాహ్నం పూట మెట్ల కమ్మీ పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమనేది. అమ్మాయిలు చేతికి చున్నీ చుట్టుకుని పట్టుకునేవాళ్ళు. లోపల ఒకే ఒక్క కూలరు. దాని ఎదురుగా ఉన్న సిస్టమ్ కోసం రోజూ పేచీలే.

ఇన్‌స్టిట్యూట్ లోకనాథ్ గారిది. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకున్నాను. దాన్ని ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని భీమవరం, తణుకు, ఏలూరు అన్నీ తిరిగాను. చివరికి అది నాకు తెచ్చిపెట్టిన ఉద్యోగం ఒక్కటే. అదే సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ళకి పాఠం చెప్పడం. లోకనాథ్ గారే పిలిచి ఇచ్చారు. మంచి మనిషి. నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు జీతం ఆపలేదు సరికదా, దానిమ్మకాయలు పట్టుకుని ఇంటికొచ్చి చూసి వెళ్ళారు.

ఆ వేసవిలో ఆయన హైదరాబాద్ కంపెనీ ఒకదాని ఫ్రాంచైజీ తీసుకున్నారు. మెట్ల పక్కన పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. కంప్యూటర్ సైన్స్ సర్టిఫికెట్ కోర్సు, ఆరు నెలలు, ఉద్యోగం గ్యారంటీ. దాని మీద కోటు వేసుకున్న అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ ఉండేది. ఫీజు మా పాత కోర్సుకి పదింతలు. పాఠం చెప్పాల్సింది మాత్రం నేనే. కంపెనీ వాళ్ళు పంపిన పుస్తకం తిరగేస్తే సగం నాకు వచ్చినవే ఉన్నాయి. మిగతా సగం నాకూ రానివి.

"ఇవెలా చెప్పాలి సార్?" అని అడిగాను.

"వీడియోలు పంపుతారు హెలెన్. నువ్వు పక్కనుండి డౌట్లు తీర్చడమే."

"నాకే డౌట్లుంటే?"

ఆయన నవ్వేశారు.

ఫ్లెక్సీ నీడలో వీరబాబు చెరుకురసం బండి ఉండేది. ఇంజను స్టార్ట్ చేశాడంటే పైన నా గొంతు ఎవరికీ వినిపించేది కాదు. గ్లాసు నిండేదాకా పాఠం ఆపి, ఆ తరవాత అందుకునేదాన్ని. పిల్లలు దానికి 'జ్యూస్ బ్రేక్' అని పేరు పెట్టారు. ఆ ఏడు అతని కూతురు బీకాం పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. పేరు అలివేలుమంగ, అందరూ మంగ అనేవాళ్ళు. తండ్రి మిషన్లో చెరుకు గెడలు పెడుతుంటే నిమ్మకాయలు కోస్తూ, చిల్లర ఇస్తూ, మా క్లాసు వదిలే వేళకి మాత్రం తలెత్తి మెట్ల వైపు చూసేది.

ఒకరోజు విరామంలో రసానికని కిందికి దిగాను. బండి దగ్గర ఎవరూ లేరు. వీరబాబు అల్లం ముక్క వేసి, రెండుసార్లు వడగట్టి గ్లాసు నా చేతికిచ్చాడు. అక్కడే నిలబడ్డాడు.

"మేడమ్ గారండీ, ఒక మాటడగొచ్చాండి?"

"అడగండి."

"మా అమ్మాయిని పైన ఆ కొత్త కోర్సులో వేద్దామనుకుంటన్నానండి. లోకనాథ్ గారు మొన్న అంతా విడమరిచి చెప్పారండి. ఈ ఎండలు దిగేదాకా నేను తిప్పిన రసమంతా ఆ ఫీజుకి సరిపోద్దండి. పర్లేదండి. వానలు పడ్డాక ఎలాగూ మొక్కజొన్న పొత్తులు పెట్టుకుంటాను కదండీ."

"ఇంటి రేకులు మార్చాలన్నావు కదా నాన్నా" అంది మంగ, కోస్తున్న నిమ్మకాయ మీంచి చూపు తిప్పకుండా.

"రేకులకేమే, పై ఏడాది మారుద్దాం. నువ్వుండు."

మంగ నా వైపు తిరిగింది. "నాకు నేర్చుకోవాలని ఉందండి మేడమ్. నిజంగానే ఉంది. కానీ ఆరు నెలల్లో ఆ బొమ్మలో అమ్మాయిలా అయిపోతానని నాన్నకి ఆశ పెట్టకండి."

వీరబాబు కూతురి మాట వినిపించుకోలేదు. భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మేడమ్ గారండీ, మీ సొంత చెల్లెలైతే వేస్తారాండి?"

గ్లాసులో ఐసుముక్క కరుగుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

"వెయ్యనండి" అన్నాను.

అంతలో బస్సు దిగిన వాళ్ళు నలుగురు బండి దగ్గరికొచ్చారు. వీరబాబు ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంక మాట్లాడే వీలు లేకపోయింది. సార్‌తో అనకండి అని చెబుదామా అనుకున్నాను. చెప్పలేదు. అలా చెబితే నేనన్నది చాటుమాటు మాట అయిపోతుందనిపించింది. గ్లాసు బల్ల మీద పెట్టి మెట్లెక్కాను.

మా ఇల్లు చర్చి వెనక సందులో. మా ఆయన శ్యాంబాబు అప్పటిదాకా రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసేవారు. ఆ సీజనులో రొయ్య ధర పడిపోయి, ఆ ల్యాబు మూసేశారు. అంటే ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే. సాయంత్రం జరిగింది చెప్పాను. మా అత్తగారు సంపూర్ణమ్మ మామిడికాయ ముక్కలకి ఉప్పు కలుపుతూ చెయ్యి ఆపింది.

"నువ్వు చెప్పింది నిజవేనా?"

"నిజమే అత్తయ్యా."

"అయితే ఇంకేంటి, అన్నం తిను. ఉద్యోగం పోయిన రోజున చూసుకుందాం. అప్పుడు కావాలంటే అందరం కూచుని ఏడుద్దాం."

ఆ రోజు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. లోకనాథ్ గారు వీరబాబుని ఇంకోసారి అడుగుదామని కిందికి దిగారు. వీరబాబు దాచుకునే మనిషి కాదు. హెలెన్ మేడమ్ గారు వద్దన్నారండి అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సార్ పైకి వచ్చి, క్లాసు అయ్యేదాకా తన గదిలో కూర్చుని, పిల్లలందరూ వెళ్ళాక నన్ను పిలిచారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు.

"వీరబాబుతో ఏదో అన్నావంట."

"చెల్లెలైతే వేస్తారా అని అడిగాడు సార్."

"అడుగుతారమ్మా. నన్నూ అడుగుతారు. నేను ఏమని చెప్పాలి? ఊళ్ళో ప్రతివాడూ ఫోన్లో నేర్చుకుంటానంటున్నాడు. ఇదివరకు టైపు నేర్పే రోజుల్లో ఈ మెట్ల మీద క్యూ ఉండేది. ఇప్పుడు ఈ కోర్సుకైనా జనం రాకపోతే ఈ మేడ ఖాళీ చెయ్యడమే."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పింది తప్పని నేననట్లేదు హెలెన్. నా మెట్లు దిగి, నా ఫ్లెక్సీ కింద నిలబడి చెప్పావు. అదే బాధ."

"నేను మానేస్తాను సార్."

వద్దని ఆయన అనలేదు. ఫ్యాను వైపు చూసి, "పాత బ్యాచ్ సగంలో ఉంది. వాళ్ళది పూర్తి చేసి వెళ్ళు. మధ్యలో వదిలేస్తే పిల్లలు ఏమైపోతారు" అన్నారు. ఆ బ్యాచ్ అయ్యేదాకా రోజూ వెళ్ళాను. ఇద్దరం మామూలుగానే మాట్లాడుకున్నాం. చివరి రోజు నా జీతం కవర్లో పెట్టి ఇస్తూ, "మీ అత్తగారినడిగానని చెప్పు" అన్నారు. మెట్లు దిగుతుంటే కళ్ళు మసకేశాయి. ఆ మెట్లు నేను అంతకుముందెప్పుడూ అంత నెమ్మదిగా దిగలేదు.

ఆ వారంలోనే శ్యాంబాబు ఆటోలో ఒక కంప్యూటర్ వేసుకొచ్చారు. ల్యాబు వాళ్ళు ఇవ్వాల్సిన జీతానికి బదులు దాన్నిచ్చి చేతులు దులుపుకున్నారు. మానిటర్‌కి రొయ్యల మేత సంచి చుట్టి ఉంది. ఎంత తుడిచినా ఆ వాసన పోలేదు. వరండాలో బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే, ఏయే చెరువులో నీళ్ళ ఉప్పదనం ఎంతో, ఆక్సిజన్ ఎంతో, ఏళ్ళ తరబడి ఎక్కించిన పట్టికలు అలాగే ఉన్నాయి.

"అమ్మేద్దామా?" అన్నారాయన.

"ఎవరు కొంటారు?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. మంగ. చేతిలో వాటర్ బాటిల్ నిండా చెరుకురసం.

"నాన్న పంపించారండి. మీ ఉద్యోగం మా మూలంగానే పోయిందంట కదండీ" అంటూ గేటు దగ్గరే నిలబడిపోయింది.

"నీ మూలంగా ఏం కాదు. లోపలికి రా."

వచ్చింది. కంప్యూటర్ని చూసింది. బాటిల్ నా చేతికివ్వడం మర్చిపోయి దాని ముందే నిలబడింది. "కోర్సు వద్దన్నారు. నేర్చుకోవద్దని అనలేదు కదండీ మీరు?"

అలా మొదలైంది. పొద్దున్నే సైకిల్ మీద వచ్చేది. ఎండ ముదిరేదాకా మా వరండాలో కూర్చుని, ఆ తరవాత బండి దగ్గరికి వెళ్ళేది. ఆ రొయ్యల చెరువుల పట్టికలతోనే ఎక్సెల్ నేర్పాను. ఏ నెలలో ఏ చెరువుకి జబ్బొచ్చిందో మంగ రంగులతో గీతలు గీసి చూపిస్తే, శ్యాంబాబు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "ఇది మేం అప్పుడే చూసుంటే ఆ చివరి చెరువు దక్కేది" అన్నారు. ఎక్సెల్ అయ్యాక ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాం. నాకు రానివి ఎదురైతే ఫోన్లో వీడియో పెట్టుకుని ఇద్దరం ఒకేసారి నేర్చుకునేవాళ్ళం. ఇన్‌స్టిట్యూట్‌లో అన్నేళ్ళు చెప్పాను గానీ, పిల్లల ముందు నాకు రాదని ఒప్పుకోవడం అక్కడెప్పుడూ కుదరలేదు. మా వరండాలో కుదిరింది.

మా అత్తగారికి మాత్రం ఒకటే ఫిర్యాదు. వేసవంతా ఆ వరండా ఆవిడది. మాగాయ ముక్కలు, వడియాలు, అప్పడాలు అక్కడే ఎండాలి. మంచం మీద ముక్కలు, పక్కన బల్ల మీద కంప్యూటర్. కాకి వస్తే మంగ ఒక చేత్తో మౌసు, ఇంకో చేత్తో కర్ర పట్టుకునేది. కరెంటు పోతే ముగ్గురం తాటిముంజెలు తింటూ కూర్చునేవాళ్ళం. మంగ బీకాం కబుర్లు చెప్పేది, అత్తయ్య తన చిన్నప్పుడు గోదావరి పొంగి ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన కథ చెప్పేది. కరెంటు వచ్చినా కాసేపు ఎవరం లేచేవాళ్ళం కాదు.

ఒకరోజు మంగ, "మామ్మగారూ, ఇలా రండి" అని పిలిచింది.

"నేనెందుకే?"

"రండి. మీ పేరు కొట్టండి."

ఆవిడ చీర చెంగుతో వేళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది. తెర మీద 'మీ పేరేంటండీ?' అని ఉంది. మంగ కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరం చూపిస్తుంటే అత్తయ్య చూపుడువేలితో పొడిచింది. ఆఖర్న ఎంటర్ నొక్కించింది. 'నమస్కారం సంపూర్ణమ్మ గారూ. మాగాయ ఎండిందాండీ?' అని వచ్చింది.

అత్తయ్య రెండుసార్లు చదువుకుంది. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"గారూ అంటందే! ఇంట్లో ఒక్కళ్ళన్నా అన్నారా నన్ను?"

ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం అంతటికీ ఈ సంగతి చెప్పింది. ఆ మరుసటి వారం వాళ్ళ పిల్లలు ఇద్దరొచ్చారు. తరవాత ఇంకొందరు. అత్తయ్య మాగాయ మంచాన్ని తనంతట తానే మా డాబా మీదికి ఎక్కించేసింది.

తొలకరి పడ్డాక మంగ భీమవరంలో ఒక రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీ ఆఫీసుకి ఉద్యోగం అడగడానికి వెళ్ళింది. ఆ లెక్కలు, ఆ పట్టికలు అన్నీ తనకి కొట్టిన పిండి. మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. తల్లో పూలు కూడా వాడలేదు.

"ఏం అడిగారు?" అన్నాను.

"ఏమీ అడగలేదండి. కంప్యూటర్ సర్టిఫికెట్ ఏదని అడిగారు. లేదన్నాను. పని వచ్చండి, చూడండి అన్నాను. ఏదైనా పర్లేదమ్మా, ఫైల్లో పెట్టుకోడానికి ఒకటుండాలి అన్నారు. అంతేనండి."

సాయంత్రం వీరబాబు వచ్చాడు. వానకి తడిసిన తువ్వాలు గేటు దగ్గరే పిండుకుని, వరండా అంచున కూర్చున్నాడు. అతను కోపంగా వస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"రేకులు మార్చేశానండి. డబ్బులన్నీ దానికే అయిపోయినియ్యండి. మీరు మంచే చెప్పారండి, అమ్మాయికి పని బాగా వచ్చిందండి. కాయితం లేదన్నారంట. ఇప్పుడేం చేద్దామండి?"

అతని ముఖంలోకి చూడలేకపోయాను. ఆ కాగితం వల్ల ఆఫీసు లోపల ఏ పనీ కాదని నాకు తెలుసు. గుమ్మం దగ్గర దాన్ని అడుగుతారన్న సంగతే నాకు తట్టలేదు. నా దగ్గర ఒకటి ఎప్పుడూ ఉంది కాబట్టి, లేనివాళ్ళని ఏమంటారో నేనెప్పుడూ వినలేదు. శ్యాంబాబు లోపల్నించి టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చారు. నా వైపు చూసి, "లోకనాథ్ గారినడుగు" అన్నారు.

"ఏ మొహం పెట్టుకుని?"

"ఉన్న మొహమే" అంది అత్తయ్య.

మర్నాడు మంగని తీసుకుని వెళ్ళాను. ఫ్లెక్సీ వానకి ఒక పక్క ఊడి వేలాడుతోంది. లోపల సగం కంప్యూటర్లకి గుడ్డ కప్పి ఉంది. కొత్త కోర్సులో చేరింది కొద్దిమందే. లోకనాథ్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు.

ఉన్నదంతా చెప్పాను. పాత కోర్సుకి పరీక్ష మాత్రం రాయించి సర్టిఫికెట్ ఇవ్వగలరేమో అని అడిగాను.

"ఊరికే ఇవ్వను" అన్నారు.

"ఊరికే వద్దు సార్" అంది మంగ.

"నీకు రాదని తేలితే పంపించేస్తాను. మీ మేడమ్ చెప్పినా వినను."

"ఆయ్, అలాగేనండి."

పొద్దున కూర్చోబెట్టిన మనిషి మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ లేవనివ్వలేదు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. వాన వెలిసి, బస్టాండు గుంటల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. వీరబాబు కింద నిప్పుల మీద పొత్తులు తిప్పుతూ మాటిమాటికీ తలెత్తి చూస్తున్నాడు. లోపల్నించి సార్ గొంతు వినబడుతోంది. మేం నేర్చుకోనివి కూడా అడుగుతున్నారు. ఒకచోట మంగ, "అది నాకు రాదు సార్. నేర్చుకోవాలంటే ఎక్కడ చూడాలో తెలుసు" అంది.

చివరికి నన్ను పిలిచారు. బల్ల మీద సర్టిఫికెట్ ఉంది. మంగ పూర్తి పేరు ఆయనే గుండ్రటి అక్షరాలతో రాశారు. తన సంతకం పెట్టేశారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ అన్నచోట ఖాళీ.

"పెట్టు" అని పెన్ను నా వైపు జరిపారు.

"నేనిప్పుడు ఇక్కడ లేను కదా సార్."

"నేర్పింది నువ్వు. నేనెలా పెడతాను?"

పెట్టాను. నా పేరులో చివరి అక్షరం గీత దాటింది. ఫీజు సంగతి మంగ ఎత్తితే, "మీ నాన్నని రెండు పొత్తులు పంపమను. లేతవి" అన్నారు సార్.

భీమవరం కంపెనీలో అప్పటికే ఎవరినో తీసుకున్నారు. తణుకులో ఒక ఆసుపత్రి ఆఫీసుకి వెళ్తే, ఆ సర్టిఫికెట్ తీసుకుని చూడకుండానే ట్రేలో పడేశారట. మంగని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పేషెంట్ల పేర్లు చిందరవందరగా ఉన్న పట్టిక ఒకటిచ్చి సర్దమన్నారట. సర్దింది. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ కబురు చెప్పడానికి తండ్రీకూతుళ్ళిద్దరూ సైకిల్ మీద వానలో తడుస్తూ వచ్చారు. అత్తయ్య ఇద్దరికీ వేడివేడి అన్నంలో ఆ ఏడు మాగాయ వేసి పెట్టింది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. లోకనాథ్ గారు మేడ ఖాళీ చేసేశారు. ఆయన సిస్టమ్‌లు కొన్ని ఇప్పుడు మా వరండాలోనే ఉన్నాయి. నేను పాఠం చెబుతాను, ఆయన వచ్చి పరీక్ష పెడతారు, కఠినంగానే పెడతారు. శ్యాంబాబుకి ఇంకో ల్యాబులో పని దొరికింది. పోయిన చలికాలంలో అత్తయ్య కన్నుమూసింది. కరెంటు పోయినప్పుడు పిల్లలు ఫోన్లు తీసుకుంటారు. నేను మాత్రం కాసేపు ఊరికే కూర్చుంటాను. అప్పుడు చెవుల్లో అత్తయ్య నవ్వు, మంగ కాకుల్ని తోలే కేక.

మంగ ఇప్పుడు రాజమండ్రిలో పనిచేస్తోంది. మొన్న ఆదివారం ఫోన్ చేసింది.

"మేడమ్, మా ఆఫీసులో ఏఐ కోర్సు ఒకటి చెయ్యమంటున్నారండి. సర్టిఫికెట్ ఇస్తారంట. ఫీజు వింటే గుండె గుభేలుమందండి. చేరమంటారా, వద్దంటారా?"

ఆ కోర్సు ఏమిటో నాకు తెలియదు. రేపు ఏ గుమ్మం దగ్గర ఎవరేం అడుగుతారో కూడా తెలియదు.

"తెలీదు మంగా" అన్నాను. "అందులో ఏం చెబుతారో ముందు చూద్దాం. ఆ లింకు నాకూ పంపు. ఆదివారాలు ఖాళీయేగా, ఇద్దరం కూర్చుందాం."